వీడియోలో మాస్టారు

2013లో అమెరికాలో ఓ తమాషా జరిగింది. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఫిలాసఫీ శాఖ అధ్యాపకులు హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్‌కి బహిరంగ లేఖ రాశారు. ఎడెక్స్‌లో ఉచితంగా దొరికే ఆయన పాఠాలని తమ క్లాసులో వాడమంటే ససేమిరా అన్నారు. ఆ కోర్సు పేరు 'జస్టిస్'. న్యాయం గురించిన పాఠాన్ని అలా వాడుకోవడమే అన్యాయమని వాళ్ళ వాదన. డబ్బున్న యూనివర్సిటీ పిల్లలకి ఎదురుగా మనిషి, మిగతావాళ్ళకి ఆ మనిషి వీడియో. తన పాఠాలు వేరేచోటి అధ్యాపకులని దెబ్బతియ్యడానికి వాడటం తనకీ ఇష్టం లేదని శాండెల్ జవాబిచ్చాడు.

ఆ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మీకు పోగొట్టుకోడానికైనా ప్రొఫెసర్లున్నారు కదా, అనుకున్నాను. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పాఠం అంటే ఆల్-ఇన్-వన్ చూసి బోర్డు మీదకి ఎక్కించడమే. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అసలు దేనికో నాకు తెలిసింది హాస్టల్లో, ఎన్‌పీటెల్ వీడియోల్లో. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పని అది. ఐఐటీ గుమ్మం తొక్కలేని నలుగురం ఒక లాప్‌టాప్ ముందు కూర్చుంటే, ఐఐటీ మాస్టారే మా గదికి వచ్చాడు. ఆయనకి నా పేరు కూడా తెలీదు. ఆ ఋణం ఎవరికి తీర్చాలి?

అయితే ఒకటి. 2012లో ఎమ్‌ఐటీ పెట్టిన మొదటి సర్క్యూట్స్ కోర్సులో సుమారు 1,55,000 మంది చేరితే, పాసైనవాళ్ళు 7,157 మంది. నేను ఎన్‌పీటెల్ పాఠాలు చివరిదాకా చూశానంటే నా పట్టుదలేం కాదు. పక్క మంచం వాడు రోజూ "ఒరేయ్, పద్నాలుగో లెక్చర్ చూశావా?" అని ప్రాణం తీసేవాడు. కోర్సు ఉచితంగానే వచ్చింది గానీ, వాడు కోర్సుతో పాటు రాలేదు.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నా, కాంట్రాక్టు మీద. పోయిన సెమిస్టర్లో మా హెచ్ఓడీ గారు పిలిచి, "మీకెందుకండీ శ్రమ, మంచి వీడియోలున్నాయిగా, పెట్టెయ్యండి. రెండు సెక్షన్లూ కలిపేద్దాం" అన్నారు. చూస్తే, అవి నాకు చదువు చెప్పిన వీడియోలే. ఆ మాస్టారు నాకంటే బాగా చెప్తారు, అందులో అనుమానమే లేదు. మరి వద్దనడానికి నా దగ్గరున్న కారణం ఏమిటి? పిల్లల మేలా, నా జీతమా? ఎంత విడదీసి చూద్దామన్నా రెండూ విడిపడవు. పిల్లల మేలు అని పైకి అన్న ప్రతిసారీ జీతం లోపల్నుంచి దగ్గుతుంది.

వీడియో పెట్టాను. ఇరవయ్యో నిమిషంలో ఆపి, "అర్థమైందా?" అన్నాను. అందరి తలలూ ఊగాయి, చివరి బెంచీలో ఒకమ్మాయి తల తప్ప. "ఏమ్మా?" అంటే, "సార్, ఆయన 'ఆబ్వియస్లీ' అన్నారు కదా, అక్కడ్నించి పోయింది" అంది.

మిగిలిన గంటంతా ఆ ఒక్క మాట దగ్గరే అయిపోయింది. సెక్షన్లు కలిపే సంగతి మాత్రం ఇంకా తేలలేదు.