విడిపోయేటప్పుడు వదులుకునే ఆస్తి



వరంగల్‌లో ఇద్దరు దంపతులు కొట్లాట లేకుండా విడిపోతున్నారనుకుందాం. మండీబజారు వైపు ఒక సందులో వాళ్ళకు చిన్న ఇల్లుంది. కాగితాలు ఇద్దరి పేరా ఉన్నాయి. గోడలు లేచింది భర్త సంపాదనతో, పైకప్పు పడింది భార్య పుట్టింటి నగలు అమ్మిన డబ్బుతో. పెద్దలు కూర్చున్నారు. "మంచిగానే విడిపోతున్నారు కదమ్మా, ఇంటి మీద హక్కు నీకెందుకు? రాసిచ్చెయ్" అన్నారొకరు. ఆమె తల వంచుకుని "సరే చాచా" అంది. ఆ 'సరే' అల్లాహ్ సన్నిధిలో నిలుస్తుందా?

దివ్య ఖుర్ఆన్‌లో నిసా సూరా భార్యలకు మహర్‌ను సంతోషంగా చెల్లించమని భర్తలను ఆదేశించింది. వాళ్ళు తమంతట తాము మనస్ఫూర్తిగా అందులో కొంత వదులుకుంటే దాన్ని హాయిగా అనుభవించవచ్చని అనుమతించింది. అనుమతి ఆ మనస్ఫూర్తి మీదే ఆధారపడి ఉంది. అదే సూరా, ఇచ్చిన దానిలో కొంత లాక్కోవడానికి భార్యలను వేధించి ఆపి ఉంచరాదని హెచ్చరించింది. ఒక భార్యను విడిచి మరొకరిని చేసుకోదలిస్తే, మొదటామెకు బంగారపు రాశి ఇచ్చి ఉన్నా తిరిగి తీసుకోవద్దన్నది. భర్త తాను ఇచ్చిన సొమ్ము విషయంలోనే ఇంత జాగ్రత్త చెబితే, ఆమె పుట్టింటి నుండి తెచ్చుకున్న సొమ్ము మాటేమిటి?

భార్య తానే విడిపోవాలని కోరుకుంటే ఖులా ఉంది. హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) గారి సతీమణి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, భర్త ధర్మంలోగాని నడవడికలోగాని తనకు లోపం కనిపించలేదని, అయినా కలిసి ఉండలేనని విన్నవించుకున్నారు. ఆయన మహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇస్తావా అని ప్రవక్త (స) అడిగారు. ఆమె ఒప్పుకున్నారు. తోట తీసుకుని విడాకులివ్వమని సాబిత్ (రజి) గారికి సూచించారు. ఇక్కడ తిరిగి వెళ్ళింది ఆయన ఇచ్చిన తోటే. తప్పు భర్తదైతే ఖులాకు బదులుగా ఏమీ పుచ్చుకోవడం మక్రూహ్ అనీ, భార్య వైపు నుండి వస్తే తానిచ్చిన దానికి మించి తీసుకోవడం మక్రూహ్ అనీ హనఫీ ఫుఖహాలు చెప్పారు.

ఇద్దరూ ఒకరినొకరు వద్దనుకుంటే దాన్ని ముబారాత్ అంటారు. మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. ముబారాత్ అయిందంటే అన్ని లెక్కలూ తీరిపోయినట్టేననుకుంటారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గారి అభిప్రాయంలో దానితో రద్దయ్యేవి నికాహ్ వల్ల ఏర్పడిన బాకీలు, అంటే చెల్లించని మహర్, గతించిన భరణం వంటివి. ఇంట్లో వాటా, అప్పుగా ఇచ్చిన డబ్బు, తండ్రి నుండి వచ్చిన వారసత్వం ఆ కోవలోకి రావు. వాటిని విడిగా, పేరు పెట్టి వదులుకుంటే తప్ప వదులుకున్నట్టు కాదు. తల్లి ఏం రాసిచ్చినా బిడ్డల పోషణ భారం తండ్రిదేనన్నది కూడా పెద్దలు గుర్తుంచుకోవాలి.

ఖులాకు భర్త సమ్మతి అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. హనఫీ ఉలమాలు భర్త అంగీకారం ఉండాలంటారు. ఆ చర్చ వేరు. మన దంపతులకు అంగీకారం ఉంది, లేనిది లెక్కే.

వదులుకోవడం భార్యలకే చెప్పిన పుణ్యం కాదు. తాకకముందే విడాకులిచ్చిన సందర్భంలో సగం మహర్ గురించి చెబుతూ బఖరా సూరా, వదిలిపెట్టడం దైవభీతికి దగ్గరి పని అన్నది, పరస్పరం ఉదారత మరవవద్దన్నది. ఆ మాట ఇద్దరికీ వర్తిస్తుంది. మా పంచాయతీల్లో 'నీ వాటా ఆమెకు వదిలెయ్ బాబూ' అని భర్తకు చెప్పిన చాచా మాత్రం మాకు అరుదుగానే కనిపించాడు.

సరే, ఆమె నిజంగానే ఇవ్వదలిచింది. అప్పుడు పెద్దలు చేయవలసిన పనులున్నాయి. భర్త, అత్తమామలు లేని చోట, ఆమె తండ్రినో అన్ననో పక్కన కూర్చోబెట్టి ముందుగా ఇంటి విలువ, అందులో ఆమె వాటా అంకెల్లో చెప్పాలి. రెండు రోజులు గడువివ్వాలి. మసీదులో తెల్లకాగితం మీద సంతకాలు చాలవు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తిలో హక్కు వదులుకునే దస్తావేజు రిజిస్టరు కావాలి. ఇంటి మీద బ్యాంకు అప్పు ఇద్దరి పేరా ఉంటే, వాటా వదులుకున్నంత మాత్రాన ఆమె అప్పు తీరదు. బ్యాంకు ఆమె పేరు తొలగిస్తూ కాగితం ఇచ్చాకే సంతకం పెట్టించాలి.

విడాకులు పూర్తయ్యాక ఒకరికొకరు వారసులు కారు. కనుక ఈ లెక్క ఇద్దరూ బతికుండగానే, ఇద్దత్ ముగిసేలోపే తేల్చుకుంటే మేలు. రేపు ఆ ఇంటి కోసం ఆయన తమ్ముళ్ళు, ఆమె పిల్లలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగవలసిన పని ఉండదు.