చేప తింటే ఉపవాసమేనా?

మేము గుంటూరులో వున్న రోజుల్లో మా పక్క వాటాలో ఒక కాథలిక్ కుటుంబం వుండేది. ఈస్టరుకు ముందు వచ్చే రోజుల్ని వాళ్ళు తపస్సు కాలం అంటారు. ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై రోజులు. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఆ వదినగారు శుక్రవారం ఇంట్లోకి మాంసం రానిచ్చేవారు కాదు. మాంసం అయితే రాదుగానీ, పదకొండు కొట్టేసరికి చేపల పులుసు వాసన మాత్రం గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేసేది.

మాకేమో రెండూ నీచే. ఒకనాడు వుండబట్టలేక అడిగేశాను. “ఏమనుకోకండి వదినగారూ, మాంసం మానేసి చేపలు తింటే అదేం ఉపవాసమండీ?”

ఆవిడ నవ్వేశారు. “మీరు ఏకాదశికి అన్నం మానేసి జీడిపప్పు ఉప్మా తింటారే, అలాంటిదే అనుకోండి.”

చెప్పొద్దూ, నోరు మూసుకుని వచ్చేశాను. కానీ సందేహం మాత్రం పోలేదు. తర్వాత అదీ ఇదీ చదివితే తెలిసిందేమిటంటే, చర్చి ఎన్నడూ చేప తినమని చెప్పలేదట! మాంసం తినవద్దని మాత్రమే చెప్పింది. ఏసుక్రీస్తు తన శరీరాన్ని అర్పించింది శుక్రవారం నాడు కనుక ఆ రోజు మాంసం ముట్టరు. పైగా పాతకాలంలో మాంసమంటే పెళ్ళికో పండక్కో వండుకునేది. దుఃఖపడాల్సిన రోజున విందు భోజనమేమిటని మానేశారు. మరి చేప? లాటిన్ భాషలో మాంసానికున్న మాట నేలమీది జంతువులకే వర్తించేదట. ఆ మాటకొస్తే మనం మాత్రం? మాంసం కొట్టుకు వెళ్ళి చేపలు అడిగితే కొట్టువాడు మనకేసి అదోలా చూడడూ?

పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే పండితుడు దీనికి ఇంకో కారణం చెప్పాడు. నేలమీద తిరిగే జంతువుల మాంసం మనిషి శరీరానికి దగ్గరిది, రుచీ ఎక్కువ, పుష్టీ ఎక్కువ, కోరికల్ని రేపేదీ అదే. చేపకు అంత శక్తి లేదు అన్నాడు. పాపం, ఆ మహానుభావుడు గోదావరి జిల్లాల పులుసు రుచి చూడలేదు.

ఆ రోజుల్లో గుడ్లు, పాలు, వెన్న కూడా నిషేధమే. ఫ్రాన్సులో రువాన్ నగరపు పెద్ద చర్చికి ‘వెన్న గోపురం’ అని ఒకటి వుంది. తపస్సు కాలంలో వెన్న తినడానికి అనుమతి కోసం జనం ఇచ్చుకున్న డబ్బుతో కట్టారు గనుక ఆ పేరు. చేపల సంగతీ అలాగే సాగింది. బీదవాళ్ళు నలభై రోజులూ పీపాల్లో వూరేసిన ఉప్పు చేప తిని తిని మొహం మొత్తించుకునేవారు. కలవాళ్ళ బల్లమీదికి తాజా చేపలు రకరకాల వంటకాలుగా వచ్చేవి. నియమం ఒకటే, ఉపవాసాలు రెండు. ఉప్పు చేప ఉడికే ఇంట్లో ఒక్కపూట కూర్చున్నవాళ్ళకి ఆ తేడా నేను చెప్పక్కర్లేదు.

ఇక సందులు వెతుక్కునే వాళ్ళకు ఏ దేశమూ తక్కువ కాదు. నీళ్ళలో వుంటుంది గనుక బీవరు చేపే అని కెనడాలో తిన్నారు. మొసలి జాతిదైన అలిగేటరు కూడా చేపల లెక్కలోకే వస్తుందని 2010లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ ఆర్చిబిషప్పు రాసి ఇచ్చారు. 1962లో సిన్సినాటిలో ఒక మెక్‌డొనాల్డ్స్ దుకాణం యజమాని, శుక్రవారం బేరాలు పడిపోతున్నాయని చేప పెట్టిన రొట్టె తయారుచేయించాడు. అది నేటికీ అమ్ముడుపోతూనే వుంది.

నవ్వుకుని వూరుకుందామనే అనుకున్నాను. కానీ ఒక శుక్రవారం కుట్టుమిషను సూది కోసం వాళ్ళింటికి వెళ్ళాను. హైదరాబాదు నుంచి పెద్దబ్బాయి భార్యాబిడ్డలతో దిగాడు. కొర్రమీను పులుసు చేశారు. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో పీట మీద కూర్చుని వదినగారు మజ్జిగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటున్నారు.

“అదేమిటండీ, పులుసు అయిపోయిందా?”

“లేదు, వుంది. నాకు మాంసం మొదట్నుంచీ సయించదు వదినగారూ. పెళ్ళయ్యాక వండటం నేర్చుకున్నానుగానీ తినడం నేర్చుకోలేదు. చేపంటేనే నాకు ప్రాణం. ఇక శుక్రవారం మాంసం మానేశానంటే నేను మానేసిందేముంది చెప్పండి?”

“ఇంట్లో వాళ్ళకు తెలుసా?”

“వండేది నేను, వడ్డించేది నేను. నా కంచంలో ఏముందో చూసేదెవరు?” అన్నారు. ఆవిడ వాటా ముక్కలు గిన్నెలో మూతపెట్టి వున్నాయి, పనమ్మాయి పిల్లలకోసం.

అయితే ఎవరి నాలుకకు తగ్గ నియమం వాళ్ళే పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అదీ చేసి చూశారు. 1966లో ఆరవ పాల్ పోపు ఆయా దేశాల బిషప్పులకు వెసులుబాటు ఇచ్చారు. ఇంగ్లండు, వేల్సు బిషప్పులు 1985లో, శుక్రవారం ఎవరి తపస్సు వాళ్ళు ఎంచుకోవచ్చన్నారు. మళ్ళీ 2011లో, అందరూ కలిసి చేస్తేనే అలవాటు నిలుస్తుందని, మాంసం మానే నియమాన్నే వెనక్కి తెచ్చారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నీ ఇష్టం వచ్చింది మానుకో అంటే నేనైతే కాకరకాయ మానుకుంటాను. అందరికీ కలిపి పెట్టిన నియమం వుంది గనుకనే, అది తనకు చాలదని వదినగారికి తెలిసింది. అలా అని పిల్లల కంచాల్లో పులుసు చూసి ఆవిడ మొహం చిట్లించనూ లేదు, మరో ముక్క వేసుకోమన్నారు.

మొన్న ఏకాదశికి సాయంత్రం ఉప్మాకి పోపు పెడుతున్నాను. నిజానికి నాకు అన్నం కన్నా ఉప్మాయే ఇష్టం. “జీడిపప్పు కాస్త ఎక్కువ వెయ్యి, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు” అని హాల్లోంచి మావారి కేక. మావారికి సరిపడా వేసి, డబ్బా చేతిలో పట్టుకుని, నా గిన్నె కేసి చూస్తూ నిలబడ్డాను. పోపు మాడింది.