ఒప్పుకున్నవాడి ప్రాణం ఎవరి పూచీ?

తన ఇష్టంతో ప్రమాదంలోకి దిగినవాడికి ఏమైనా అయితే, ఆ ప్రమాదాన్ని పేర్చి పెట్టినవాడికి పాపం అంటుతుందా? ధర్మశాస్త్రాలు ఎన్నడో ఎత్తుకున్న ఈ ప్రశ్నను టీవీ రియాలిటీ షోలు మళ్లీ ముందుకు తెచ్చాయి. ఎత్తు నుంచి దూకాలన్నా, నీళ్లలో మునిగి తాళం తీయాలన్నా, పాములున్న పెట్టెలో పడుకోవాలన్నా పోటీదారు ముందుగా ఒక కాగితం మీద సంతకం పెడతాడు. ఏం జరిగినా తనదే పూచీ అన్నది ఆ కాగితం సారం. ఒక ప్రాణం బరువును ఆ కాగితం ఎంతవరకు మోయగలదన్నది ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి.

దీనికి జవాబు వెతకడానికి తమిళనాడు తెలుగు నేల మంచి చోటు. అక్కడ కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై ఏలుబడి చేపట్టాక ఆ రాకడ పెరిగింది. మిల్లులు కట్టిన నాయుళ్లు, పశువుల మందలతో వచ్చిన రాజకంబళత్తు నాయకర్లు, వీధులు ఊడ్చే అరుంధతీయులు, అందరి ఇళ్లలోనూ ఏదో ఒక తెలుగు వినిపిస్తుంది. పందేనికి డబ్బు పెట్టేవాడూ, పందెంలో ఒళ్లు ఒడ్డేవాడూ ఇద్దరూ ఈ భాషలోనే దొరుకుతారు.

ఉడుమలైపేట ప్రాంతంలో కంబళత్తువాళ్లు సంక్రాంతి రోజుల్లో సలకెరుదు ఆడిస్తారు. దేవుడికి వదిలిన కోడె అది, దాన్ని కాడికి కట్టరు. ఉరుమి డోలు మోగుతుంటే పొడుగాటి కర్రలు పట్టుకున్న మనిషి దాని ముందు అడుగులు వేస్తాడు. అది మీదికి వస్తుంది, అతను తప్పుకుంటాడు. కోడెను మేపిందీ, ముందు నిలబడిందీ ఆ వీధివాళ్లే. దానికి ఎప్పుడు కోపం వస్తుందో, ఏ కొమ్ము ముందు విసురుతుందో తెలిసినవాడే కొమ్ముల ఎదుట ఉంటాడు. ఇక్కడ ప్రమాదపు ఎరుక, ప్రమాదానికి గురయ్యే ఒళ్లు ఒకే మనిషివి. ఈ రెండూ విడిపోయిన చోటే ధర్మసంకటం మొదలవుతుంది.

విడిపోవడం ఎలా ఉంటుందో మదురై జల్లికట్టులో కనిపిస్తుంది. సంక్రాంతి మూడు రోజుల్లో అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు వరుసగా పోటీలు జరుపుతాయి. వాడివాసల్ అనే ఇరుకు గుమ్మం నుంచి ఎద్దు బయటికి దూకుతుంది. ఎద్దును పట్టే మాడుపిడి వీరుడు దాని మూపురాన్ని మాత్రమే పట్టుకోవాలి, తోకా కొమ్మూ ముట్టరాదు. నేల మీద కొబ్బరి పీచు పరుస్తారు, రెండు వరుసల కంచె కడతారు, బరిలోకి వదిలే ముందు వైద్యులు వీరులను పరీక్షిస్తారు. ఇవన్నీ మంచి ఏర్పాట్లు. అయితే పోటీ నడిచే తీరు చూస్తే అది అచ్చంగా టీవీ ఆటే. వీరులు రంగురంగుల బనియన్లతో జట్లుజట్లుగా దిగుతారు, ఎక్కువ ఎద్దులు పట్టినవాళ్లే తర్వాతి విడతకు మిగులుతారు, చివరికి మొదటివాడికి కారు. ఇదంతా టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది.

2023 జనవరిలో పాలమేడులో తొమ్మిది ఎద్దులను పట్టి మూడో స్థానంలో ఉన్న ఒక యువకుడిని ఎద్దు పొడిచింది. అతను బతకలేదు. తొమ్మిది పట్టినవాడికి ఎద్దంటే తెలియదని ఎవరూ అనలేరు, బరిలోకి అతన్ని ఎవరూ తోయలేదు కూడా. అయినా అతని పైన ఇద్దరున్నారు, కింద ఎందరో ఉన్నారు, ఎదురుగా కారు ఉంది. ఒళ్లు అలిసిన వేళ ఇంకొక్క ఎద్దు అనిపించేలా చేసేది ఆ వరుసే. ఆ వరుసను వేసింది అతను కాదు. ఎద్దు కొమ్ము అందరికీ కనబడుతుంది, మనిషిని దాని మీదికి నడిపించే లెక్క మాత్రం కంటికి ఆనదు. టీవీ సాహసాల్లోనూ అసలు ప్రమాదం ఎత్తులోనో నీళ్లలోనో కాక, ఓడితే ఇంటికి పంపే ఆ లెక్కలోనే ఎక్కువగా దాగి ఉంటుంది.

జల్లికట్టు మీద సాగిన న్యాయపోరాటంలో ఒక విశేషముంది. 2014 మే 7న సుప్రీంకోర్టు ఆటను నిషేధించినప్పుడు ముఖ్యంగా ఎద్దు బాధను లెక్కలోకి తీసుకుంది. 2017 జనవరిలో ఆట మళ్లీ కావాలంటూ చెన్నై మెరీనా తీరాన జనం కూడారు, రాష్ట్రం చట్టాన్ని సవరించింది, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణను నిలబెట్టింది. ఇన్నేళ్ల వాదంలో ఎద్దు గురించి జరిగినంత చర్చ మనిషి గురించి జరగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఎద్దు ఒప్పుకోలేదు, మనిషి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి అతని గురించి అడగనక్కరలేదన్న భావం లోలోపల పనిచేసింది. ఇది సరికాదు.

ఒప్పుకోలుకు చట్టం ఇచ్చే విలువకు హద్దుంది. 1860 నాటి శిక్షాస్మృతి 87వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటినవాడు ఒప్పుకుంటే అతనికి తగిలిన దెబ్బ నేరం కాదు. కానీ ప్రాణం పోయేంత, తీవ్రగాయం అయ్యేంత ప్రమాదముందని తెలిసి చేసిన పనికి ఆ రక్షణ లేదు. వినోదానికి కత్తిసాము చేసే ఇద్దరిని చట్టమే ఉదాహరణగా చెప్పింది: నియమం తప్పకుండా ఆడినప్పుడు తగిలే దెబ్బకు మాత్రమే వాళ్లు ఒప్పుకున్నట్లు. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్‌లోనూ ఇదే మాట ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత చట్టంలో రెండేళ్ల దాకా ఉన్న శిక్షను కొత్త సంహిత 106వ సెక్షన్ ఐదేళ్ల దాకా పెంచింది. పోటీదారు సంతకం ఈ సెక్షన్‌ను తుడిచివేయలేదు.

తెలియకుండా ఇచ్చిన ఒప్పుకోలు ఎంత బలహీనమో అమెరికాలోని శాక్రమెంటోలో 2007 జనవరిలో తేలింది. ఒక రేడియో స్టేషన్, మూత్రవిసర్జనకు వెళ్లకుండా ఎవరు ఎక్కువ నీళ్లు తాగుతారో చూద్దామని పోటీ పెట్టింది. బహుమతి ఒక వీడియో గేమ్ యంత్రం. పోటీ సాగుతుండగానే ఒక నర్సు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఇలా నీళ్లు తాగితే ప్రాణం పోతుందని హెచ్చరించింది. నిర్వాహకులు ఆ మాటను నవ్వులాటగా తీసుకున్నారు. పిల్లల కోసం ఆ బహుమతి గెలవాలని వచ్చిన తల్లి ఒకామె ఆ రోజే ఇంట్లో చనిపోయింది. 2009లో జ్యూరీ సుమారు కోటీ 65 లక్షల డాలర్ల పరిహారం విధించింది, ఆమె వైపు తప్పేమీ లేదని తేల్చింది. నీళ్లు తాగింది ఆమె, హెచ్చరిక విన్నది వాళ్లు. ఎరుక ఎవరి దగ్గర ఉందో పూచీ అక్కడికే వెళ్లింది.

ఒప్పుకోలుకు ఇంకో గుణం ఉంది, దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. 2018 జులై 12న కోయంబత్తూరు దగ్గర నరసీపురంలో ఒక ప్రైవేటు కళాశాల విపత్తు రక్షణ శిక్షణ ఏర్పాటు చేసింది. కింద విద్యార్థులు వల పట్టుకున్నారు. రెండో అంతస్తు అంచున కూర్చున్న 19 ఏళ్ల అమ్మాయి దూకడానికి వెనకాడింది. శిక్షకుడు ఆమెను తోశాడు. మొదటి అంతస్తు సన్‌షేడ్‌కు తల తగిలింది, ఆమె ప్రాణం పోయింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పేరు చెప్పుకున్న ఆ శిక్షకుడితో తమకు సంబంధం లేదని ఆ సంస్థ ప్రకటించింది. అది టీవీ షో కాదు, కానీ ఫోన్ కెమెరాలు చూస్తుండగా జరిగిన సాహస ప్రదర్శన. పైకెక్కినప్పుడు ఆమె ఒప్పుకునే ఉండవచ్చు. అంచున ఆగినప్పుడు ఆమె ఒళ్లు వద్దంది. ఆ క్షణం నుంచి పాత ఒప్పుకోలుకు విలువ లేదు. కెమెరా తిరుగుతున్నప్పుడు, యాంకర్ పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు, తోటివాళ్లు చప్పట్లు కొడుతున్నప్పుడు వద్దనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే వద్దనే హక్కు కాగితంలో ఉంటే చాలదు, బరిలో చెల్లాలి.

మన ఇతిహాసంలో ఇలాంటి ఒప్పుకోలుకు పెద్ద ఉదాహరణ జూదసభ. ధర్మరాజు పిలిస్తే వచ్చాడు, శకుని నేర్పు తెలిసీ కూర్చున్నాడు, తానే పందాలు ఒడ్డాడు. అయినా వ్యాసుడు తప్పంతా అతని నెత్తిన వేసి ఊరుకోలేదు. సభ పెట్టించిన ధృతరాష్ట్రుడు ఆపవలసిన చోట ఆపక, గెలిచామా గెలిచామా అని ఉబలాటంగా అడిగాడు. ద్రౌపది ప్రశ్నకు సభ జవాబివ్వనప్పుడు విదురుడు ప్రహ్లాదుడి కథ చెబుతాడు. విరోచనుడూ సుధన్వుడూ ప్రాణాలు పందెం పెట్టుకుని ప్రహ్లాదుణ్ణి తీర్పు అడుగుతారు. అతనికి కశ్యపుడు చెప్పిన లెక్క ఇది: సభలో అధర్మం జరిగితే పాపంలో సగం సభాపెద్దది, పావు చేసినవాడిది, పావు చూస్తూ తప్పు పట్టనివాళ్లది. ప్రహ్లాదుడు ఆ మాట విని కన్నకొడుకు విరోచనుడికి వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు. చేసినవాడి కంటే సభ నడిపినవాడికి రెట్టింపు వాటా వేయడంలో లోతైన వివేకముంది. ఆపగల శక్తి అతనికే ఉంది.

నేటి టీవీ షోలో ఆ సభాపెద్ద ఎవరు? ఆట నమూనా ఒక విదేశీ సంస్థది, నిర్మాణం ఇంకో కంపెనీది, ప్రసారం ఛానల్‌ది, డబ్బు సబ్బులో బైకులో అమ్మే ప్రాయోజకుడిది, తాడు కట్టేది రోజుకూలీ మీద వచ్చిన స్టంట్ మనిషి. ఏదైనా జరిగితే వేలు పైనుంచి కిందికి చూపుతూ వచ్చి తాడు కట్టినవాడి దగ్గర ఆగుతుంది. 2015 మార్చి 9న అర్జెంటీనాలోని లా రియోహాలో ఫ్రెంచ్ షో ‘డ్రాప్డ్’ చిత్రీకరణలో రెండు హెలికాప్టర్లు ఢీకొని పది మంది చనిపోయారు. వాళ్లలో పోటీదారులు ముగ్గురే, మిగిలినవాళ్లు సిబ్బందీ పైలట్లూ. పోటీదారుకు కనీసం పేరూ బహుమతీ ఆశ ఉంటాయి, కెమెరా మోసేవాడికి అవీ లేవు.

కంపెనీ బాధ్యత అనగానే మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ గుర్తుకొస్తుంది. ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సేవాకార్యాలకు ఖర్చు పెట్టాలి. బడికి బెంచీలు కొనిచ్చిన కంపెనీ తన సెట్ మీద అంబులెన్స్ పెట్టకపోతే ఆ బెంచీల పుణ్యం దీనికి చెల్లదు. 1986 డిసెంబర్‌లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పరిశ్రమతో లాభం పొందేవాడు దాని నష్టాన్ని కూడా పూర్తిగా భరించాలని, పరిహారం సంస్థ స్తోమతును బట్టి ఉండాలని చెప్పింది. ఆ తీర్పు విషవాయువు గురించి. దాని వెనుక ఉన్న ధర్మం ప్రమాదాన్నే సరుకుగా అమ్మే వినోదానికీ వర్తించాలి.

ఎరుకనూ ఒంటినీ మళ్లీ దగ్గరికి తెచ్చే పద్ధతులు ఈ నేల మీదే ఉన్నాయి. సత్యమంగళం దగ్గర బన్నారి అమ్మవారి గుండంలో ముందు పూజారి నిప్పుల మీద నడుస్తాడు, ఆ తర్వాతే భక్తులు దిగుతారు. పరిచిన నిప్పు వేడి ఎంతో ఏర్పాటు చేసినవారి పాదానికే మొదట తెలుస్తుంది. కోయంబత్తూరు తెలుగు మిల్లు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివరదన్ రేసు కార్లు తయారుచేశాడు, తానూ రేసుల్లో నడిపాడు. ఆయన పేరు పెట్టుకున్న కరి మోటార్ స్పీడ్‌వే చెట్టిపాళయంలో ఉంది. మోటారు పందేల్లో ఎర్రజెండా ఊపితే ముందున్నవాడైనా బండి నెమ్మదించాలి, గెలుపు లెక్క ఆ క్షణానికి ఆగిపోతుంది. వైద్య బృందం సిద్ధంగా లేకపోతే పందెం మొదలుపెట్టరు.

టీవీ సెట్ మీద ఇలాంటి జెండా ఛానల్ జీతం తీసుకోని వైద్యుడి చేతిలో ఉండాలి. పోటీదారుకు చూపే కాగితం అతను మాట్లాడే భాషలో ఉండాలి. ప్రతి సాహసాన్ని ముందుగా నిర్వాహకులే పోటీదారు పరిస్థితుల్లో, అంటే అలిసిన ఒంటితో, నిద్రలేని కళ్లతో చేసి చూడాలి. వద్దన్నవాడికి ఆటలో మార్కులు పోవచ్చు, కానీ ఒప్పుకున్న డబ్బు పోకూడదు. డబ్బు అవసరంతో వచ్చినవాడి ఒప్పుకోలు నిజమైనదో కాదో తేల్చేది ఈ చివరి షరతే.

కశ్యపుడి లెక్కలో మిగిలిన పావు వాటా చూసేవాళ్లది. కోయంబత్తూరు అమ్మాయి పడిపోయిన దృశ్యం ఆ వారమంతా తెరల మీద తిరిగింది. నేరానికి సాక్ష్యంగా పోలీసుల దగ్గర ఉండవలసిన దృశ్యం అది. ఆ ఇంట్లోవాళ్లు టీవీ పెట్టినప్పుడల్లా, ఫోన్ తెరిచినప్పుడల్లా, కూతురు మళ్లీ అంచు మీద కూర్చుని వెనక్కి ఒరుగుతూ కనిపించింది.