వెనుదిరుగు స్వేచ్ఛ

బిలాసపురమునుండి కట్నీకి పోవు రైలుమార్గమున కర్గీ రోడ్ అను స్టేషను కలదు. స్టేషనుకు ఆ పేరు. ఊరిని కోటా అందురు. అది దాటి కొంతదూరము పోయిన పిదప రైలు మైకల పర్వతముల అడవులలోనికి ఎక్కనారంభించును. ఆ చోటినుండి సముద్రము ఏ దిక్కున చూచినను నాలుగువందల కిలోమీటర్లకు తక్కువ కాదు. అయినను ఆ ప్రాంతపు రైల్వే కుటుంబములలో సముద్రము మాట వినబడకపోదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ కట్నీ శాఖను 1891 నాటికి పూర్తిచేసినది. తరువాత వాల్తేరు వరకు గల తూర్పుతీరపు మార్గము కూడ ఆ కంపెనీ చేతికే వచ్చినది. ఆ పట్టాల వెంటనే ఉత్తర కోస్తానుండి తెలుగువారెందరో పనికై బిలాసపురము చేరి అక్కడనే స్థిరపడిరి. వారి మునిమనుమలు నేడు బజారులో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంటిలో తెలుగు మాట్లాడుదురు. పెండ్లిండ్లకును పండుగలకును రాయపూరు, రాయగడల మీదుగా విశాఖపట్టణము పోయివత్తురు.

అట్టి కుటుంబములలోని యువకులు ముగ్గురు, వారితోపాటు అర్పా నదిలోను చెరువులలోను చేపలు పట్టుటయే కులవృత్తిగాగల కేవట కుటుంబపు మిత్రుడొకడు, ఒక సెలవులో విశాఖతీరమునకు పోయి, చిన్న కయాకులను అద్దెకు తీసికొని, సముద్రమున గాలమువేసి చేపలు పట్టవలెనని సంకల్పించిరని ఊహింపవచ్చును. ఈ ఊహలో అసాధ్యమేమియు లేదు. లోకమున అనేక తీరములలో ఇది నేడు ప్రియమైన వినోదము. ఇంటిలోని వృద్ధుడు ఈ మాట విని ఏమనును? "మా తాతలు కూటికోసం సముద్రంలోకి వెళ్లేవారు. మీరు కడుపునిండా కూడు తిని వెళ్తామంటారేమిరా?" అనును. ఈ ప్రశ్న పరిహాసముగా కనబడును గాని అంత తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆకలి లేని వేటకు, అవసరము లేని అపాయమునకు, ఏమి సమర్థన కలదు?

భారతీయ సంప్రదాయము ఈ ప్రశ్నను ఎరుగకపోలేదు. మనుస్మృతి కామమువలన పుట్టు పది వ్యసనములను చెప్పుచు మొట్టమొదట మృగయను పేర్కొన్నది. పాండురాజు మృగరూపమున నున్న కిందమ మునిని కొట్టి శాపమునకు గురియైన కథ భారతమున ప్రసిద్ధము. అర్థశాస్త్రమున మాత్రము ఒక రసవంతమైన వాదము కలదు: జూదముకంటె వేట చెడ్డదని పిశునుడనగా, కౌటిల్యుడు దానిని త్రోసిపుచ్చి, వేట దేహమునకు వ్యాయామమనియు, చలించు లక్ష్యమును కొట్టు నేర్పు, మృగముల చిత్తమును గ్రహించు నేర్పు దానివలన అలవడుననియు వాదించెను. శాకుంతలము రెండవ యంకమున సేనాపతియు ఇట్లే పొగడును. కాని రాజును మెప్పింపగోరు సేవకుని పొగడ్తను ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకులకు తెలియును. వేరొకవైపున ధర్మవ్యాధుడున్నాడు. మిథిలలో మాంసము అమ్ముకొని బ్రతుకు ఆతడే కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించెను. ఎఱ్ఱన తెలుగుచేసిన భాగములో ఈ కథ తెలుగువారికి పరిచితమే. జీవికకై చేయునది క్షమార్హము, వినోదమునకై చేయునది వ్యసనము అని ఈ కథలనుండి స్థూలముగా గ్రహింపవచ్చును.

ఈ విభజన సులభమైనది గనుకనే దానిపై కొంత అనుమానము కలుగవలెను. ఈ గ్రంథములన్నియు వేటాడువానిని, వేటాడబడు ప్రాణిని చూచినవి. వేటకు పోవువారు ఒకరికొకరు ఏమి కావలెనో పెద్దగా విచారింపలేదు. అడవిలో రాజు గుఱ్ఱమెక్కి పరివారమును దాటిపోవును. అందువలన కథకు మలుపే కలుగును గాని పరివారమునకు నష్టము లేదు. సముద్రముమీద అట్లు కాదు.

కయాకు పుట్టుక వినోదమునకు కాదు. గ్రీన్లాండు మొదలైన ఉత్తర ధ్రువతీరములలో ఇన్యూట్ జాతివారు సీలు మొదలగు జంతువుల వేటకు దానిని చేసికొనిరి. నీటిలో కొట్టుకొనివచ్చిన కొయ్యతోనో ఎముకతోనో చట్రము కట్టుదురు. స్త్రీలు సీలు చర్మమును నీరు చొరకుండ దానిపై కుట్టుదురు. అంగరఖా కుట్టించినట్లు ఎక్కువాని దేహపు కొలతలనుబట్టియే పడవ తయారగును. అది 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో పందెపు పడవగా ప్రవేశించినది. ఈ కథకు తోబుట్టువువంటి కథ మరియొకటి తెలుగు తమిళ తీరములకు చెందినది. కట్టిన మ్రాను అను అర్థముగల తమిళపు మాట కట్టుమరము. కోరమండల తీరపు ఈ తెప్పలనుగూర్చి డాంపియర్ అను ఆంగ్ల నావికుడు 1697లో వెలువడిన తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఆ పేరే నేడు ధనికుల జంటపడవలకు కటమరాన్ అయి అంటుకొన్నది. తెప్పమీద చలికి వణకిన జాలరికి ఈ సంగతి చెప్పినచో ఏమనునో! ఆకలి కనిపెట్టిన సాధనములను విరామము అనుభవించుచున్నది.

ఇందులో అన్యాయమున్నదా? ఉన్నదనుటకు తొందరపడరాదు. విల్లు వేటకు పుట్టి ఆటకు వచ్చినది; అందువలన ఎవరికిని కీడు లేదు. అవసరము చేతినుండి జారిన పనిని ఆట కాపాడిన సందర్భములును కలవు. చూడవలసినది వేరు: సాధనము చేతులు మారినపుడు దానితోకూడ వచ్చు కట్టుబాటు మారినదా, లేక తీరముననే విడువబడినదా?

ఉత్తరాంధ్ర తీరమున జాలరులు, వాడబలిజలు నడిపిన తెప్పను చూడవలెను. తేలికకలప దుంగలను చేర్చి త్రాళ్లతో బిగింతురు. తిరిగివచ్చిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టుదురు. దానికి గోడలు లేవు. కెరటము పైనుండి పోవును, సందులనుండి నీరు దిగిపోవును. నిండుటకు కడుపు లేనందున అది మునుగదు. నేటి చేపలవేట కయాకులలో పెక్కింటికి ఇదే సూత్రము. మనిషి లోపల దూరక పైననే కూర్చుండును. ఎక్కిన నీరు అడుగునగల రంధ్రములగుండ దిగిపోవును. పేరు ధ్రువతీరమునుండి వచ్చినను స్వభావమున అది తెప్పకే దగ్గర.

భేదమొక్కటి. తెప్పమీద ఇద్దరో ముగ్గురో నలుగురో ఒక్కచోటనే యుందురు. కలహించినను, అలిగినను, విడిపోవుటకు చోటు లేదు. వారి సాహచర్యమును త్రాడే బిగించినది. పట్టిన చేపలోను అట్లే: తెప్పకు వాటా, వలకు వాటా, మనిషికి వాటా. లెక్క ఊరికొక తీరుగా నుండవచ్చును గాని, ఎవని చేతిలో త్రాడున్నపుడు చేప పడినదని అడుగువారుండరు. 1990ల తరువాత, 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిదప మరింతగా, దుంగల తెప్పల చోటును ఫైబరు తెప్పలు ఆక్రమించినవి, మోటారులు వచ్చినవి, వాటాల లెక్క మాత్రము పోలేదు.

కయాకులో ప్రతివాడును ఒంటరి. నలుగురు మిత్రులు నాలుగు పడవలలో పోవుదురు. గాలి ఒక్కొక్కనిని ఒక్కొక్క విధముగా తోయును. ఒకని గాలమునకు వంజరము పడినచో అది పడవతోసహా ఆతనిని ఈడ్చుకొనిపోవును. ఆ యానందమున వెనుకకు చూచువాడెవడు? వందగజములు దాటిన పిదప కేక వినబడదు. ఇక్కడ సాహచర్యమును బిగించు త్రాడు లేదు; ప్రతిక్షణమును దానిని మనస్సుతోనే కట్టుకొనవలెను. బోల్తాపడిన కయాకును సరిచేయుటలో రెండవవాని అవసరమెంతయో ఆ విద్య నేర్చినవారికి తెలియును: ఆతడు పడవను చేర్చి, గట్టిగా పట్టుకొని నిలిపినచో నీటిలోనివాడు సులభముగా ఎక్కగలుగును, అలసినవానికి అది లేనిచో ఎక్కుటయే దుస్సాధ్యము.

గ్రీన్లాండు వేటగాండ్రకు కలుగు ఒక విచిత్రమైన భయమునుగూర్చి వైద్యులు వ్రాసియున్నారు. గాలి లేక సముద్రము అద్దమువలె నిశ్చలమై, ఎండ మెరయుచుండగా, ఒంటరిగా కయాకులో కదలక కూర్చున్నవానికి ఉన్నట్లుండి తల తిరుగును, పడవ సన్నబడుచున్నట్లు, నీరు పైకి వచ్చుచున్నట్లు తోచును, తెడ్డు కదలింపలేడు. ఏండ్లతరబడి తుపానులను ఎదిరించినవారికిని ఇది కలిగినది; కొందరు మరల కయాకు ఎక్కలేకపోయిరి. ఒక చిన్న గాలి నీటిని కదల్చినను, మరియొక కయాకు వచ్చి ప్రక్కన చేరినను, ఆ భయము విడిపోవుటయు కలదు. చేరినవాడు ఏమియు చేయనక్కరలేదు. ప్రక్కన ఉండుటయే చాలును.

ఇపుడు కర్గీ రోడ్డు మిత్రులను నీటిమీద ఉంచి చూడవచ్చును. తెల్లవారుజామున బయలుదేరిరి. యారాడ కొండ ఒకవైపున, కైలాసగిరి మరియొకవైపున నీలముగా కనబడుచున్నవి. గాలి పడమటినుండి, అనగా నేలపైనుండి, వీచుచున్నది. ఈ గాలి మోసకారి: తీరము దగ్గర కెరటము లేవదు, నీరు చదునుగా నుండును, కాని పడవను మెల్లమెల్లగా లోపలికి తోయును. తిరుగు ప్రయాణమున ప్రతి తెడ్డును దానికి ఎదురు వేయవలసియుండును. ముగ్గురికి కానాగంతలు పడుచున్నవి. నాలుగవవాడు, చెరువు నీటిని పుట్టుకనుండి ఎరిగిన కేవట మిత్రుడే అనుకొనవచ్చును, కొండలు చిన్నవగుచున్నట్లు గమనించి, "ఇక చాలు, వెనక్కి వెళ్దాం" అనును. ఆ క్షణమున ఒకని గాలమునకు పెద్ద చేప తగులును. ఏమి చేయవలెను?

పిరికివాని మాటయే శాసనమైనచో ఏ సాహసమును సాగదని ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. తెప్పమీది జాలరులు అట్టి మాటను అన్నివేళల వినలేరు. ఇంటిలో బియ్యము లేనివాడు, వలకు చేసిన అప్పు తీర్పవలసినవాడు, గాలి చెడుచున్నదని తెలిసియు మరియొక గడియ నిలుచును. ఆ నిలుచుటకు వెల కలదు. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరమున గాలమునకు చిక్కిన పెద్ద కొమ్ముకోనెము ఒక మత్స్యకారుని సముద్రములోనికి లాగికొనిపోయినది. త్రాటిని వెంటనే విడువలేదేమని ఆతనిని అడుగు అధికారము, ఆ చేప ధరతో ఇంటిలో ఎన్ని దినములు గడచునో ఎరుగనివారికి లేదు.

వినోదమునకు పోయినవానికి ఆ నిర్బంధము లేదు. జాలరికిని ఆతనికిని పడవలో, గాలములో, నేర్పులో గల భేదములన్నియు చిన్నవి. అసలు భేదము ఆతడు ఏ క్షణమున తలచిన ఆ క్షణమున వెనుదిరుగగలడనుట. ఆతనికి తీరిక ఇచ్చిన స్వేచ్ఛ అదియే. ఆతడు దానిని వాడనిచో జాలరి అవసరమును అభినయించినవాడగును. అభినయములో నిజమైనది అపాయమొక్కటే. అందుచేత, బయలుదేరుటకు ధైర్యవంతుని మాట చెల్లినను, తిరిగివచ్చుటకు భయపడినవాని మాటయే చెల్లవలెను. భయపడినవాడు ప్రతిసారియు సరిగానే చెప్పునని కాదు. పదిమార్లలో తొమ్మిదిమార్లు గాలి తగ్గియే పోవచ్చును. తప్పైనచో పోవునది చేప. కాదన్నమాట తప్పైనచో పోవునది వేరు.

ఇంకొక సంగతి కలదు. వృద్ధుని ప్రశ్నలోని ముల్లు ఇక్కడనే యున్నది. మిత్రులు లోపలికి కొట్టుకొనిపోయినచో వెదకుటకు ఎవరు పోవుదురు? కోస్ట్ గార్డు ఉన్నది, మెరైన్ పోలీసులున్నారు. కాని మొదట చేరగలది ఆ దగ్గరలో వేటాడుచున్న ఫైబరు తెప్ప. సముద్రమున ఆపదలోనున్నవానిని చూచి మరలిపోవుట జాలరుల ఆచారము కాదు. వారు వల కోసియైనను వత్తురు. ఆ దినపు కూడు పోవును. ఒక్కొక్కపుడు అంతకంటె ఎక్కువయే పోవచ్చును. తనకై తాను అపాయమును ఎన్నుకొంటినని అనువాడు, ఎన్నుకొనని మరి నలుగురికి దానిని పంచుచున్నాడు. అనుమతి అడిగిన అపాయము ఒకటి, అడుగనిది మరియొకటి. ఈ లెక్క తీరమున కూర్చుండి వేసికొనవలసినది. నీటిమీద వేయుటకు వ్యవధి యుండదు.

ఇంత చెప్పిన పిదపను వృద్ధుడు పూర్తిగా గెలిచెనని అనుటకు వీలులేదు. కూడు తినిపోయినవాడు, ఆకలితో పోయినవాడు చూడలేనిదానిని కొంత చూడగలడు. జాలరికి మిత్రుని ప్రాణము, చేప, అప్పు, గాలి అన్నియు ఒక్క ముడిగా పెనవేసికొని వచ్చును. విడదీసి చూచుటకు ఆతనికి తీరిక లేదు. వినోదమునకు పోయినవాని చేతిలో ఒకవైపు చేప, ఒకవైపు మిత్రుని మాట, వేరువేరుగా ఉండును. ఏది విడువవలెనో ఆతడు చేతితోనే నిర్ణయింపవలెను, అదియు నిమిషములో. కౌటిల్యుడు వేటకు చెప్పిన గుణములలో ఈ పరీక్ష లేదు.

గాలపుత్రాడు కోసినాడనుకొనవచ్చును. నలుగురును పడవలు దగ్గరచేర్చుకొని, ఎదురుగాలిలో రెండుగంటలు తెడ్లువేసి, అరచేతులు బొబ్బలెక్కగా ఒడ్డు చేరిరి. మూడవనాటి ఉదయమున బిలాసపురములో రైలు మారి, మంచుపెట్టెతో కర్గీ రోడ్డు స్టేషనులో దిగిరి. పెట్టెలో పద్దెనిమిదో ఇరువదో కానాగంతలు. పోయిన వంజరము మాత్రము దారిపొడుగునను పెరుగుచునే వచ్చినది. ఇల్లు చేరునప్పటికి మనిషంత అయినది. వృద్ధుడు పెట్టె మూత తీసి చూచెను.

"ఎందరు వెళ్లారు?"

"నలుగురం."

ఎవరు ఎన్ని పట్టిరని ఆతడు అడుగలేదు. చేపలను ఐదు కుప్పలు పెట్టెను. ఐదవది ఎవరికని మనుమడు అడిగెను.

"తెప్పకు."

"కయాకులు అద్దెవి తాతా. అద్దె ఇచ్చేశాం."

వృద్ధుడు కొంతసేపు ఆలోచించి, ఆ కుప్పను ఒక ఆకులో చుట్టి, కేవట మిత్రుని చేతికిచ్చి, "మీ అమ్మకు నా పేరు చెప్పి ఇయ్యి" అనెను.