నిదానం – రోగికి సత్యం, వైద్యునికి ధర్మం

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు రెండు అర్థాలున్నవి. లోకవ్యవహారంలో అది తొందరపాటు లేని నెమ్మది. వైద్యశాస్త్రంలో అది రోగమూలాన్ని కనుగొనే విద్య. మాధవకరుని గ్రంథం ఆ పేరుతోనే ప్రసిద్ధమైనది. రోగి ఎదుట కూర్చున్న వైద్యునికి ఈ రెండూ అవసరమే. తెలిసిన సత్యాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ విధంగా చెప్పాలన్న ప్రశ్నను వైద్యగ్రంథాలకంటె ఎక్కువ ఓపికతో పరిశీలించినవి సాహిత్యం, చలనచిత్రం.

తారాశంకర్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరోగ్య నికేతన్’ 1953లో వెలువడి, 1956లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినది. అందులోని జీవన్ మశాయ్ వంశపారంపర్యంగా వైద్యం చేసే వృద్ధుడు. నాడి పట్టి మరణం సమీపించినదో లేదో చెప్పగలడని ఆయనకు పేరు. కొత్త వైద్యం చదివి వచ్చిన యువకుడు ప్రద్యోత్ దృష్టిలో రోగికి చావు కబురు చెప్పడం క్రూరత్వం. రోగి ఆశను చంపే హక్కు వైద్యునికి లేదని అతని వాదన. చావుకు సిద్ధపడే అవకాశం రోగికి దక్కాలన్నది వృద్ధుని విశ్వాసం. రచయిత వీరిలో ఎవరినీ సులభంగా గెలిపించడు. జీవన్ మశాయ్ సొంత కుమారుని మరణాన్నీ ముందుగా గుర్తించి చెప్తాడు. ఆ నిదానం తప్పు కాలేదు. అయినా తల్లి హృదయం ఆయనను క్షమించలేదు. జ్ఞానం నిజమైనంత మాత్రాన మాట ధర్మమైపోదని ఈ ఘట్టం తెలుపుతున్నది.

మహాభారతం శాంతిపర్వంలోని కథ ఇక్కడ స్మరణీయం. ప్రాణులను సంహరించే పని తనకు వద్దని మృత్యుదేవత విలపించినదట. ఆమె కన్నీళ్లే వ్యాధులైనవట. మృత్యువుకే కన్నీరున్నదని ఊహించిన సంప్రదాయం, ఆ వార్త మోసే వైద్యుని నుండి కరుణను ఆశించడంలో వింత లేదు.

హృషీకేశ్ ముఖర్జీ హిందీ చిత్రం ‘ఆనంద్’ (1971)లో సమస్య తలక్రిందులవుతుంది. పేగులకు సోకిన క్యాన్సర్‌తో తన కాలం తీరుతున్నదని రోగికే తెలుసు. తెలిసీ నవ్వుతాడు, నవ్విస్తాడు. కుంగిపోయేవాడు డాక్టర్ భాస్కర్ బెనర్జీ. అక్కడ దాచవలసిన సత్యమేదీ లేదు. తన నిస్సహాయతను సహించి రోగి ప్రక్కన నిలవడమే వైద్యునికి పరీక్ష. సత్యం చెప్పి తప్పుకొనేవానికీ, చెప్పి వెంట నిలిచేవానికీ గల భేదాన్ని ఈ చిత్రం చూపినది.

అయితే కరుణ పేరిట సత్యాన్ని దాచే స్వేచ్ఛకు హద్దు లేదా? సత్యజిత్ రాయ్ ‘గణశత్రు’ (1989) దీనికి సమాధానం. ఇబ్సెన్ నాటకాన్ని బెంగాల్ పట్టణానికి తెచ్చిన ఆ చిత్రంలో, దేవాలయ తీర్థజలం కలుషితమై కామెర్లు వ్యాపిస్తున్నవని డాక్టర్ అశోక్ గుప్తా కనుగొంటాడు. పురపాలక అధ్యక్షుడైన సొంత తమ్ముడే ఆ మాట బయటికి రాకుండా అడ్డుపడతాడు. రోగశయ్య ప్రక్క మౌనానికి దయ కారణం కావచ్చు. ఊరి నీటి విషయంలో మౌనానికి ఆ సాకు చెల్లదు. అక్కడ ఆలస్యమైన ప్రతి దినమూ కొత్త రోగులను సృష్టిస్తుంది.

ఈ మూడు రచనలూ వైద్యునికి చికిత్స నేర్పవు. చికిత్స చేసే చేయి ఎవరి చేతిని పట్టుకొన్నదో గుర్తు చేస్తవి. ఒక్క రోగికి సత్యం చెప్పేటప్పుడు తెలుగు మాటలోని మొదటి నిదానం, నెమ్మది, ముందుండాలి. పదిమంది ప్రాణాలు ఆధారపడినచోట రెండవ నిదానం, మూలాన్ని బయటపెట్టే విద్య, ఒక్క క్షణం కూడా వెనుకాడరాదు. ఈ వివేకం వైద్యునికి ఎంత అవసరమో, ప్రజారోగ్యాన్ని కాపాడవలసిన పాలకునికీ అంతే అవసరం.