లాభంలో వాటా అందుకున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు,

ఖాతాలో మొదటి డివిడెండ్ పడిందని సంబరంగా రాశావు. ఆ వెంటనే, పన్నెండు శాతం ఇచ్చే కంపెనీ ఒకటి కనిపించింది, ఉన్నవన్నీ అమ్మి అందులో పెట్టేయనా అని అడిగావు. తొందరపడకు.

ఆ పన్నెండు శాతం ఎలా వచ్చిందో ముందు చూడు. నిరుడు పంచిన డివిడెండ్‌కి ఇవాళ్టి షేరు ధర మీద కట్టిన లెక్క అది. షేరు 200 ఉన్నప్పుడు పది రూపాయలు పంచితే ఐదు శాతం. వ్యాపారం దెబ్బతిని షేరు 80కి పడిపోతే అదే పది రూపాయలు పన్నెండున్నర శాతమై ఊరిస్తాయి. కంపెనీ అదనంగా పైసా ఇవ్వలేదు, జబ్బుపడిందంతే. చీటీల డివిడెండ్‌కి అలవాటుపడ్డ ఇల్లు మనది. చీటీలో పాడుకున్నవాడు వదులుకున్న సొమ్ము సభ్యులకు పంచక తప్పదు. కంపెనీకి ఆ నిర్బంధం లేదు. బొగ్గు, లోహాల వ్యాపారాలైతే ధరలు బాగున్న ఏడు దండిగా పంచి, పడిపోయిన ఏడు చెయ్యి ముడుచుకోవచ్చు.

పేపర్లో ‘500 శాతం డివిడెండ్’ అని చూసి గుండె ఝల్లుమనిపించుకోకు. ఆ శాతం ముఖ విలువ మీద. రూపాయి ముఖ విలువ షేరుకి వచ్చేది ఐదు రూపాయలు.

డివిడెండ్ ఎవరికి దక్కాలో తేల్చే రికార్డు తేదీకి ముందురోజు కొని మర్నాడు అమ్మేస్తే డివిడెండ్ ఊరికే వస్తుందని నీ ఆఫీసులో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఊరికే రాదు. 400 షేరు మీద 20 రూపాయలు ఇస్తుంటే, ఎక్స్-డేట్ నాడు, అంటే ఆ డివిడెండ్ హక్కు లేకుండా షేరు అమ్మకం మొదలయ్యే రోజున, ధర సుమారుగా అంతమేరా తగ్గే మొదలవుతుంది. నీ కుడిజేబులోది ఎడమజేబులోకి వచ్చింది, మధ్యలో పన్నూ బ్రోకరేజీ పోయాయి.

పన్ను మాట వచ్చింది కనుక గట్టిగానే చెబుతాను. 2020 మార్చి దాకా కంపెనీయే పన్ను కట్టి పంచేది. ఆ ఏప్రిల్ నుంచి డివిడెండ్ నీ ఆదాయంలో కలుస్తుంది, నీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌కి ముందు ఆ హద్దు 5,000. పట్టుకోలేదు కదా అని రిటర్నులో చూపకపోవడం మాత్రం కూడదు. ఆదాయపు పన్ను శాఖ వాళ్ల వార్షిక సమాచార నివేదికలో ఎలాగూ కనిపిస్తుంది. కనిపించకపోయినా నువ్వు చూపాలనే నా కోరిక.

డివిడెండ్ పడుతోంది కాబట్టి కంపెనీ నిజాయితీగలదే అనుకునేవాళ్లున్నారు. మన హైదరాబాదే చూడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, లెక్కల్లో ఏళ్ల తరబడి లేని సొమ్ము చూపామని లేఖ రాసి ఒప్పుకున్నారు. ఆ ఏళ్లలోనూ సత్యం డివిడెండ్లు పంచుతూనే వచ్చింది. వార్షిక నివేదికలో వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదు ఎంతో, అప్పెంతో చూడమంటాను. సత్యంలో బ్యాంకు నిల్వల అంకెలు కూడా అబద్ధమే, కనుక ఎంత బాగున్నా ఒక్క కంపెనీ మీదే మొత్తం పెట్టకు. నువ్విప్పుడు భాగస్తురాలివి. ఏడాది చివర ఇచ్చే డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు చేస్తుంది, ఆమోదించేది వాటాదారులు. ఓటు వెయ్యమని మెయిల్ వస్తే చదవకుండా చెరిపెయ్యకు.

ఇక ఇంట్లో పని ఒకటి. ఏడేళ్లపాటు ఎవరూ అందుకోని డివిడెండ్ ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతుంది. వరసగా ఏడేళ్లూ అలా వదిలేస్తే షేర్లు కూడా అక్కడికే పోతాయి. వెనక్కి తెచ్చుకోవచ్చు, ఐఈపీఎఫ్-5 అనే దరఖాస్తు ఉంది, కాకపోతే కాగితాలతో వేగాలి. తాతయ్య కాలం షేరు సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉన్నాయేమో అమ్మనడుగు. ఉంటే కంపెనీ పేర్లు, ఫోలియో నంబర్లు రాసి నాకు పంపు. నీ డీమ్యాట్ ఖాతాకి నామినీ ఎవరో కూడా ఆ ఉత్తరంలోనే రాయి.

మావయ్య