శనిని చూసిన రాత్రి



మన ఇళ్ళ గోడల మీంచి దేవుళ్ళ పటాలు దిగిపోయాయి. భయాలు దిగిపోయాయా? ఇది మా ఇంటి సంగతే, దాచకుండా రాస్తున్నాను.

2022లో మా పెద్దమ్మ కొడుక్కి పని పోయింది. ఓ కాంట్రాక్టరు కింద ఆరేళ్ళు చేశాడు. ఒక్క మాటైనా ముందు చెప్పకుండా మానిపించారు. రెండు నెలల జీతం బాకీ. పెద్దమ్మ ఎవరో జ్యోతిష్యుణ్ణి అడిగొచ్చింది. కుంభరాశికి ఏలినాటి శని నడుస్తోందట! మర్నాటికి తమ్ముడి వేలికి గుర్రపునాడా ఉంగరం. ఆమె 22 ప్రతిజ్ఞలు చేసిన మనిషే. బాబాసాహెబ్ ఫోటోకి దండ వేయకుండా టీ కూడా తాగదు.

నాకు కోపం వచ్చింది. "అదంతా మూఢనమ్మకం, సైన్సు ఒప్పుకోదు" అన్నాను. తర్వాత సిగ్గేసింది. జ్యోతిష్యుడు చెప్పాడని ఆమె నమ్మింది. నేను చెప్పానని నమ్మమంటున్నాను. తేడా ఏముంది? కేసపుత్త ఊళ్ళో కాలాములకి బుద్ధుడు ఇలా చెప్పలేదు గదా. ధమ్మం లక్షణం ఏహిపస్సికో, వచ్చి చూడమనడం.

నా దగ్గర నాలుగున్నర అంగుళాల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు ఉంది. నవంబరులో ఓ రాత్రి పెరట్లో పెట్టి పెద్దమ్మని పిలిచాను. మామూలు కంటికి శని పసుపుపచ్చ చుక్క, అంతే. ఆమె కన్ను పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

"ఇదేంట్రా, చుట్టూ వడ్డాణం పెట్టాడు?"

"మంచుగడ్డలు పెద్దమ్మా. కోట్లాది ముక్కలు దాని చుట్టూ తిరుగుతున్నాయి."

చూస్తుండగానే శని పక్కకి జారిపోయింది. "పోయాడు!" అంది. పోలేదు, మనం నిలబడ్డ భూమే తిరుగుతోందని చెప్పి, గొట్టం కొంచెం జరిపాను. ఆ వెలుగు అక్కడినుంచి మన కంటికి చేరడానికి గంటకు పైనే పడుతుంది.

చూస్తే చాలదు, అదీ చెప్పాలి. 1610లో గెలీలియో ఇదే శనిని చూసి మూడు గోళాలు పక్కపక్కన ఉన్నాయనుకున్నాడు. రెండేళ్ళకి పక్కవి రెండూ మాయమైపోతే తికమకపడ్డాడు. వలయం అంచు మనవైపు తిరిగితే కనపడదు మరి. అది వలయమని హైగెన్స్ ప్రకటించింది 1659లో. కళ్ళతో చూసినదాన్ని కూడా మళ్ళీ మళ్ళీ చూసి, ఆలోచించి సరిచేసుకోవాల్సి వచ్చింది.

పెద్దమ్మ నాకన్నా తెలివిగా అడిగింది. "అందంగానే ఉన్నాడు. అంత మాత్రాన మన జోలికి రాడని ఏంటి నమ్మకం?"

నిజమే. వడ్డాణం చూస్తే భయం అబద్ధమని తేలదు. అప్పుడు ఇద్దరం అరుగు మీద కూర్చుని లెక్క వేశాం. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 30 ఏళ్ళు. అందులో ఏడున్నర ఏళ్ళు ఏలినాటి శని. అంటే ఎప్పుడు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి అది ఉండనే ఉంటుంది! మన వాడలో నాలుగిళ్ళకొకటి. కష్టం ఎవరికి వచ్చినా ఆ పేరు అతికించడానికి వీలే.

"ఆ రోజు మానిపించింది ఎంతమందిని పెద్దమ్మా?"

"ముప్పై ఒక్కమందిని."

"అందరిదీ కుంభరాశేనా?"

ఆమె నవ్వలేదు. "కాంట్రాక్టు మారిందిరా. కొత్తవాడు వాళ్ళ మనుషుల్ని పెట్టుకున్నాడు" అంది, మెల్లగా. కారణం ఆమెకి మొదటినుంచీ తెలుసు.

'పోనీలే, పెద్దావిడకి అదో ధైర్యం' అంటారు మనవాళ్ళు కొందరు. నేనూ అనుకునేవాణ్ణి. నువ్వుల నూనెకి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు. కానీ జీతం ఎగ్గొట్టినవాడు హాయిగా నిద్రపోతుంటే మనం ఆకాశంలో ఉన్నదాన్ని బతిమాలుకుంటున్నాం. ఇది ఉంటే అది కలుగుతుంది, ఇది లేకపోతే అది కలగదు అని బుద్ధుడు చెప్పింది మన జీతం బాకీకి వర్తించదా?

ఉంగరం తీసెయ్యమని నేను అనలేదు. సోమవారం తమ్ముడు దాంతోనే లేబర్ ఆఫీసుకి వచ్చాడు. అర్జీ మీద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. మిగతావాళ్ళ ఇళ్ళకి పెద్దమ్మే వెళ్తోంది.